పళ్ళు చూసే చెయ్యి

ఖాజా చేతులకు గ్రీజు ఉంది. అందుకని రేణుక పదో తరగతి మార్కుల మెమోను రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని, ఇంజను విప్పిపెట్టిన బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద పెట్టి చదివాడు. తలెత్తి ఆమె తండ్రి రామసుబ్బయ్య వైపు చూశాడు. మళ్ళీ వంగి చదివాడు.

"మామా, దీంట్లో పుట్టిన తేదీ జూన్ ఒకటి అని ఉండాదే."

"ఉంటాది."

"సంవత్సరం గూడా..." ఖాజా పెదవులు కదిలిస్తూ లెక్కగట్టాడు. "ఈ లెక్కన పాపకు జనవరి ఒకటికే పద్ధెనిమిది నిండి ఏడు నెలలు. నేను ఫారంలో పదిహేడని రాసినా. నువ్వు చెప్తేనే రాసినా."

"పదిహేడే. బ్రహ్మంగారి ఆరాధన నాడు పుట్టింది. మొన్న వైశాఖానికి పదిహేడు నిండినాయి."

"మరి ఇదేంది?"

రామసుబ్బయ్య తలగుడ్డ విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అది నేను చెప్పిన అబద్ధం" అన్నాడు.

షాపు వెనకవైపు చక్రాన్ని స్టాండుకు తగిలించి ఊచలు బిగిస్తున్న రేణుక చెయ్యి ఆగింది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

ప్రొద్దుటూరులో బైకుల మెకానిక్కులు వీధికొకరు ఉన్నారు. మట్టి ట్రాక్ మీద పందేలు తోలిన మెకానిక్కు ఖాజా ఒక్కడే. మోకాలు చెడి తను దిగడం మానేశాక జమ్మలమడుగు అవతల బీడు కౌలుకు తీసుకుని, దున్నించి, వంపులు పోయించి ట్రాక్ చేశాడు. రెండు నెలల కింద బెంగళూరు రేసింగ్ టీం ఒకటి అక్కడే ఎంపిక పెట్టింది. చిన్న వయసులోనే రైడర్లను పట్టుకుని, మూడేళ్ళు తయారుచేసి పందేలకు దింపే కార్యక్రమం వాళ్ళది. ఈ సీజనుకు టీం తరఫున దిగేది ఇద్దరే. జూనియర్ తరగతిలో చిన్న బండి మీద ఒకరు, ఓపెన్ తరగతిలో టూ ఫిఫ్టీ సీసీ పెద్ద బండి మీద ఒకరు. జూనియర్ సీటుకు పంతొమ్మిది మంది వస్తే రేణుక మొదటిది. అనంతపురం పిల్లవాడు నయీం రెండోవాడు. సోమవారం సాయంత్రానికి రెండు పేర్లూ నిర్వాహకులకు చేరాలి. జూనియర్‌కు షరతు ఒకటే: జనవరి ఒకటికి పద్ధెనిమిది నిండకూడదు. ఈరోజు శుక్రవారం.

"నాలుగేండ్లకే బడిలో తోసినారు మామా" అంది రేణుక ఖాజాతో, చక్రాన్ని అరచేత్తో ఆపి. "అమ్మా నాయనా గొర్రెల యెంట పోతే నన్నెవురు చూడాల?"

"ఐదు నిండితేనే చేర్చుకుంటామన్న్యారు" అన్నాడు రామసుబ్బయ్య. "నిండినాయని చెప్పినా. అయ్యవారు నా ముఖం చూసి జూన్ ఒకటి రాసుకున్న్యాడు. మా ఊర్లో సగం పిల్లోళ్ళు జూన్ ఒకటినే పుట్టినారు."

ఖాజా నవ్వబోయి మానుకున్నాడు. అతని వెనక గోడ మీద పెన్సిలుతో రాసిన అంకెలు రెండు వరుసల్లో ఉన్నాయి. అవన్నీ రేణుక ట్రాక్ చుట్టిన టైములే. ఎడమ వరుస జూనియర్ బండివి. కుడి వరుస ఖాజా పాత టూ ఫిఫ్టీవి. మోకాలు సహకరించక ఆ బండిని శనివారం శనివారం రేణుక చేతే తిప్పిస్తాడు, ఇంజను పట్టేయకుండా. కుడి వరుస పైన ఎర్ర పెన్సిలుతో విడిగా ఒక అంకె ఉంది: ఒక నిమిషం పన్నెండు. పోయినేడాది ఆ టీం ఓపెన్ రైడరు ఇదే ట్రాక్ మీద తిరిగిన టైము. అతను ఇప్పుడు ఇంకో టీంకు పోయాడు.

"మెమోలో ఎక్కింది ఈ జన్మకు దిగదు మామా. ఆధార్ అయితే దించొచ్చు" అని ఖాజా గొంతు తగ్గించాడు. "టీమోళ్ళు ఏదో ఒకటి చాలన్న్యారు. సందు చివర జిరాక్స్ షాపోడు చేస్తాడు. మనం పెట్టేది నిజమైన తేదీనే గదా. దాంట్లో దొంగతనమేముండాది?"

రామసుబ్బయ్యకు ఆ మాట సబబుగానే తోచింది. లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. రేణుక చేతులు తుడుచుకుని వెంట నడిచింది.

జిరాక్స్ షాపులో కుర్చీ ఒకటే ఉంది. అందులో ముద్దనూరు దస్తగిరి కూర్చుని ఉన్నాడు. బండలాగుడు పోటీలకు ఎద్దుల జత పెంచే మనిషి. ఆదివారం జమ్మలమడుగు పక్కన జరిగే శివరాత్రి తిరునాళ్ళ పోటీలకు తన ఎద్దుల ఫోటోతో కరపత్రాలు వేయించుకుంటున్నాడు. రామసుబ్బయ్యను చూసి లేవకుండానే చెయ్యి ఊపాడు. ఆ పోటీల్లో ఎద్దుల పళ్ళు చూసి ఏది ఏ విభాగంలో దిగాలో తేల్చేది రామసుబ్బయ్యే. ఇరవై ఏళ్ళుగా ఆయన బొటనవేలు ఎంత చెబితే అంతే.

షాపువాడు ఆధార్ కార్డు తిప్పి చూశాడు. "పది నిమిషాల పని. ఆస్పత్రి సర్టిఫికెట్ ఒకటి తగిలించాల. ఏ ఆస్పత్రి కావాలో చెప్పు పెద్దాయనా."

"పాప ఇంట్లోనే పుట్టింది."

"అయితే ఏమాయె, మనం ఆస్పత్రిలో పుట్టిద్దాం."

"నిజంగా దిద్దించుకోవాలంటే?"

"నిజంగానా?" షాపువాడు అలాంటి బేరం ఎప్పుడూ రానట్టు తల గోక్కున్నాడు. "అఫిడవిట్టు, సాక్షులు, విచారణ. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు."

"ఏం రామసుబ్బన్నా" అన్నాడు దస్తగిరి కుర్చీలోంచి. "నోరు లేని ఎద్దు చేత నిజం చెప్పిస్తావు. నువ్వేంది ఈడ?"

రామసుబ్బయ్య ఆధార్ కార్డును వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "సోమారం పొద్దున చెప్తా" అన్నాడు షాపువాడితో. వద్దు అని మాత్రం అనలేదు. పులివెందుల బస్సు కోసం నిలబడి ఉన్నంతసేపూ ఆ అనని మాటే ఆయనకు గుర్తొచ్చింది.

*

శనివారం పొద్దున రామసుబ్బయ్య దొడ్డి ముందర కూర్చుని గొర్రెల గిట్టలు కోస్తున్నాడు. ఒక్కొక్కదాన్ని పిరుదుల మీద కూలేసి, వీపును తన కడుపుకు ఆనించుకుని, పెరిగి వంకర తిరిగిన గిట్ట అంచును చిన్న కత్తితో చెక్కుతాడు. ఎక్కువ కోస్తే నెత్తురు వస్తుంది. తక్కువ కోస్తే రాళ్ళలో కుంటుతుంది. ఎంత కోయాలో కత్తికే తెలియాలి.

రేణుక బైకు చీనీ తోటల మధ్య దారిలోంచి వచ్చింది. తోటల వెనక మేత బీడులో ఈనిన గొర్రెను ముందే దొడ్డికి తోలుకొచ్చారు, దాని పిల్లను తేవడానికి పోయింది. పిల్ల పెట్రోలు ట్యాంకు మీద గోనెసంచిలో ఉంది, తల ఒకటే బయట. ఆమె సీటు మీద కూర్చోలేదు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళతో ట్యాంకునూ సంచినీ కలిపి అదిమిపట్టి, గుంత వచ్చినప్పుడల్లా మోకాళ్ళు వంచి బండిని కింద ఆడనిచ్చింది. గొర్రెపిల్ల కళ్ళు మూసుకుని ఉంది. ఖాజా రేణుకను మొదట చూసింది అలాగే, పులివెందుల సంత దారిలో. ఎవరు నేర్పినారమ్మా అని అడిగితే, గొర్రెపిల్లలు, అని చెప్పిందట.

రామసుబ్బయ్య భార్య అక్కమ్మ వచ్చి పిల్లను అందుకుని తల్లి గొర్రె దగ్గర వదిలింది. "జిరాక్స్ షాపోడు ఏమన్న్యాడయ్యా? రాత్రి నుంచి ఒక మాట చెప్పవు."

"నాయన చెప్పడులే, నేను చెప్తా" అంది రేణుక హెల్మెట్ తీస్తూ. "నేను ఆస్పత్రిలో పుట్టాలంట."

"ఆస్పత్రా! మీ అవ్వ ఈ గడప లోపలే బొడ్డు కోసింది. ఆ పొద్దు వాన. ఆస్పత్రి యాడ నుంచి తెస్తారు ఇప్పుడు?"

"కంప్యూటర్లో నుంచి."

అక్కమ్మ నవ్వింది. మొగుడు నవ్వకపోవడం చూసి మానుకుంది. "బడిలో చెప్పింది నువ్వొక్కనివే కాదు. నేనూ పక్కనే నిలబడి తలూపినా. పాపమైతే చెరి సగం."

"పాపం సంగతి తర్వాత" అన్నాడు రామసుబ్బయ్య, కత్తిని పంచెకు తుడుస్తూ. "పాపా, నీకేం కావాల? నిజం చెప్పు."

రేణుక హెల్మెట్‌ను తిరగేసి పట్టుకుంది. "సీటు కావాల నాయనా. శానా కావాల. అది దాచుకోను. పంతొమ్మిది మందిలో మొదట వచ్చినా, ఎవురి దయా కాదు." ఆమె హెల్మెట్ లోపలి చెమటను చున్నీ కొసతో తుడిచింది. "ఆ కాగితం మాత్రం వద్దు. నేను గెలిచినప్పుడల్లా దాని సంగతి తెలిసినోడు ఎవుడో ఒకడు గుంపులో ఉంటాడు. వాడు కనపడినప్పుడల్లా నేను మెల్లగా తోలాల్నా?"

"మరెట్ల?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతా" అని రేణుక లోపలికి పోయింది.

ఆ సాయంత్రం రామసుబ్బయ్య స్నానం చేసి, వీరబ్రహ్మేంద్రస్వామి పటం ముందు దీపం పెట్టి, రోజూ కూర్చునే దానికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. కోరిక ఏదీ కోరలేదు. కోరాలంటే ఏది కోరాలో తెలియాలి గదా. ఒక అబద్ధాన్ని దిద్దడానికి ఇంకో అబద్ధం ఆడితే, అప్పుడు నిజం వస్తుందా, రెండు అబద్ధాలు మిగులుతాయా? పిల్లను బడిలో వెయ్యడానికి ఆడిన మాట ఇన్నేళ్ళూ ఆయనకు అబద్ధంగానే తోచలేదు. ఆ బడి వల్లనే అక్షరం ముక్క వచ్చింది. మరి తప్పెక్కడ జరిగింది? స్వామి పటంలో నుంచి మామూలుగానే చూస్తున్నాడు. రామసుబ్బయ్య దీపం వత్తి ఎగదోసి లేచాడు.

*

ఆదివారం పొద్దున కాఫీ కూడా ముట్టకుండా రామసుబ్బయ్య జమ్మలమడుగు చేరాడు. పళ్ళు చూసే రోజు, పని అయ్యేదాకా ఏమీ తినడు. కోత అయిపోయిన బుడ్డశనగ చేలో పోటీ బాట సిద్ధంగా ఉంది. ఒక చివర బండ, దానికి ఇనుప గొలుసు. మైకులో ఎవరో ఎద్దుల యజమానుల పేర్లు చదువుతున్నారు.

పాలపళ్ళ విభాగం అయిపోయింది. రెండు పళ్ళవి అయ్యాయి. నాలుగు పళ్ళ విభాగానికి పదకొండు జతలు వచ్చాయి. రామసుబ్బయ్య ఒక్కొక్క ఎద్దు దగ్గర ఆగి, ముందు దాని నుదురు తాకి చెయ్యి కళ్ళకు అద్దుకుంటాడు. తర్వాత ఎడమచేత్తో ముక్కు పట్టి తల ఎత్తించి, కుడి బొటనవేలితో కింది పెదవిని దించుతాడు. ఎద్దుకు ముందరి పళ్ళు కింది దవడకే ఉంటాయి. పాలపళ్ళు ఊడి జతలు జతలుగా పెద్ద పళ్ళు వస్తాయి. ఒక జత వస్తే రెండు పళ్ళది, రెండు జతలైతే నాలుగు పళ్ళది. కాగితాలు ఎవరూ తీసుకురారు. ఎద్దు వయసు ఎద్దు నోట్లోనే ఉంటుంది.

దస్తగిరి జత ఏడోది. ఎడమ వైపు కట్టే దాపటి ఎద్దు నోరు చూశాడు. నాలుగు పళ్ళు, కచ్చితంగా. తర్వాత కుడి వైపు వలపటి ఎద్దు. పెదవి దించగానే నాలుగు పళ్ళే కనిపించాయి. వాటికి అటూ ఇటూ ఖాళీ.

"పాలపళ్ళు మొన్ననే ఊడినాయన్నా" అన్నాడు దస్తగిరి.

రామసుబ్బయ్య బొటనవేలిని ఖాళీలో పెట్టి మెల్లగా నొక్కాడు. పాలపన్ను ఊడిన చోట కిందనుంచి కొత్త పన్ను మొన గట్టిగా తగలాలి. తగల్లేదు. మెత్తగా గుంట పడింది. ఎద్దు తల విదిలించింది. రెండో వైపు కూడా అంతే. చెయ్యి తీసి చూసుకుంటే వేలి కొసకు సన్నగా ఎర్ర జీర.

"మూడో జత వచ్చినాక పీకించినావు దస్తగిరీ. పచ్చి ఇంగా ఆరలేదు. ఇది ఆరు పళ్ళది."

దస్తగిరి ముఖం నల్లబడింది. చుట్టూ చేరినవాళ్ళు మెడలు చాచారు. అతను అందరికీ వినపడేటట్టు గొంతు పెంచాడు.

"యోవ్, నువ్వా నాకు చెప్పేది? శుక్రారం ప్రొద్దుటూర్లో జిరాక్స్ షాపు కాడ నా కండ్లారా చూసినా. నీ బిడ్డకు పందెం సీటు కోసం ఏడాది తగ్గిస్తాండావు. నా ఎద్దుకు రెండు పళ్ళు తగ్గితేనే తప్పొచ్చిందా నీకు?"

గుంపులో నవ్వు లేచింది. "అయ్యో రామసుబ్బన్నా, నువ్వు గూడానా!" అన్నారెవరో. మైకు కూడా ఆగింది. రామసుబ్బయ్య బొటనవేలిని తలగుడ్డ కొసతో తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"పోయిన మాట నిజం" అన్నాడు. గొంతు పెంచలేదు, అందుకని వెనకవాళ్ళు మాటలు ఆపారు. "అంతకు ముందు బిడ్డను బడిలో వేసేకి ఏడాది పెంచి చెప్పింది గూడా నేనే. పెంచిందీ ఈ నోరే, తగ్గించేకి పోయిందీ ఈ కాళ్ళే. దిద్దించలేదు. ఇంగ దిద్దించను. ఎవురికన్నా అనుమానముంటే వచ్చి నా పళ్ళు గూడా చూసుకోండి, ఉండేవి తొమ్మిది."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది.

"సరే, నాది అయిపోయింది. ఇప్పుడు నీ ఎద్దు. ఇది నాలుగు పళ్ళలో దిగదు."

"అయితే నా జతను ఇంటికి తోలుకుపోవాల్నా?"

"ఇంటికెందుకప్పా? మధ్యాన్నం ఆరు పళ్ళ పోటీ ఉండాది, దాంట్లో దించు. దాపటిది నాలుగు పళ్ళదే అయినా పైదాంట్లో దిగొచ్చు. కిందికి రాకుండా ఆపేకి నేనుండా. పైకి పోయేదాన్ని ఎవురాపుతారు?"

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి పోటీలో పదిసార్లు చెప్పేదే. కానీ ఈసారి ఎవరో పక్కన నిలబడి తనకు చెప్పినట్టు వినపడింది. ఎద్దు దవడ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎద్దు ఆ చేతిని నాకింది.

మిగిలిన నాలుగు జతలనూ చూసి, పక్కకు వచ్చి, తడి వేళ్ళతోనే ఫోను తీశాడు.

"ఖాజా, నీ గోడ మీద పాప టైములు రెండు వరుసలు ఉండాయే. కుడి వరుసలో కడపటి అంకె ఎంత?"

"టూ ఫిఫ్టీదా మామా? ఒక నిమిషం పదమూడు. ఎందుకు?"

"పైన ఎర్ర అంకె?"

"పన్నెండు." అవతల రెంచి ఏదో కింద పెట్టిన చప్పుడయింది. "మామా... నాకు తట్టనే లేదే."

"రేపు పొద్దున ఆ బండి ట్రాక్ కాడికి తీసుకురా."

మధ్యాహ్నం దస్తగిరి జత ఆరు పళ్ళ విభాగంలో మూడో బహుమతి కొట్టింది. అతను రామసుబ్బయ్య వైపు చూడకుండానే వచ్చి, చేతిలో సగం కొబ్బరి చిప్ప పెట్టి, చూడకుండానే పోయాడు. రామసుబ్బయ్య దాన్ని కళ్ళకద్దుకుని అప్పుడు మొదటి ముద్ద తిన్నాడు.

*

సోమవారం ఎనిమిదిన్నరకే టీం మేనేజరు అబ్రార్ ట్రాక్ పక్కన చిన్న టెంటు కింద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. బెంగళూరులో పెరిగినా తెలుగు చక్కగా మాట్లాడతాడు, ప్రతివాళ్ళనూ మీరు అంటాడు. రేణుక మెమో కాపీ అతని ముందే ఉంది.

"సారీ అండీ" అన్నాడు లేచి నిలబడి. "ఈ తేదీతో జూనియర్ సీటు ఇవ్వలేను. నయీంకి ఇవ్వక తప్పదు."

"ఇయ్యండి సార్, రెండోవాడు వాడే గదా. అది న్యాయమే." రామసుబ్బయ్య కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "ముందు ఒక మాట చెప్పాల. ఆ తేదీ తప్పు. పాపకు పదిహేడే. బడిలో నేను తప్పు చెప్పినా. మీరు చేసేది ఏమీ లేదని తెలుసు. తెలియకుండా ఉండకూడదని చెప్తాండా."

అబ్రార్ తలూపాడు. "నేను కాగితం తప్ప ఇంకేమీ చూడలేను కదండీ."

"కాగితమే చూడండి. మీ పెద్ద బండి సీటు ఎవురికి?"

"ఓపెన్ క్లాసా? కొల్హాపూర్ రైడర్ ఒకతనితో మాట్లాడుతున్నాం."

"మాట అయిపోయిందా?"

"ఇంకా లేదు."

"దాంట్లో దిగేకి ఎన్నేండ్లుండాల?"

"పదహారు నిండితే చాలు."

"నేను చెప్పేది పదిహేడు. మీ కాగితం చెప్పేది పద్ధెనిమిది. రెండూ పదహారుకు పైనే." రామసుబ్బయ్య ఎద్దు నోరు చూసి తేల్చినప్పటి గొంతుతోనే అన్నాడు. "ఏది పట్టుకున్నా పాప దిగొచ్చు."

అబ్రార్ ఖాజా వైపు చూశాడు. ఖాజా వ్యానులోంచి టూ ఫిఫ్టీని దించుతూ తనకేమీ పట్టనట్టు ఉన్నాడు.

"దిగొచ్చు. రూల్ అడ్డం లేదు" అన్నాడు అబ్రార్ నెమ్మదిగా. "మేం అలా ఆలోచించలేదు. జూనియర్లో రెండేళ్ళు తిరిగాకే పైకి పంపుతాం. ఆ క్లాసులో ఇప్పటిదాకా అమ్మాయిలు కూడా..."

"సార్" అంది రేణుక. అప్పటికే మోకాళ్ళకు గార్డులు కట్టుకుంది. "మీరు ఆలోచిస్తాండండి. నేను ఐదారు సుట్లు కొట్టొస్తా. టైము మాత్రం చూస్తాండండి."

మొదటి చుట్టు జాగ్రత్తగా కొట్టింది. ఒక నిమిషం పదిహేడు. రెండో చుట్టులో మూడో వంపు దగ్గర వెనక చక్రం ఎర్రమట్టిలో జారింది. బండి ఒక వైపు, రేణుక ఒక వైపు. ఖాజా కుంటుతూనే పరుగెత్తబోయాడు. రామసుబ్బయ్య అతని రెక్క పట్టి ఆపాడు.

"లేస్తాది."

లేచింది. నూరు కిలోలు దాటిన బండిని హ్యాండిల్ పట్టి గుంజలేదు. వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళ బలంతో ఎత్తింది. పడిన గొర్రెను లేపేది అలాగే. ఒంటి మీది మట్టి దులుపుకోలేదు. స్టార్ట్ చేసింది.

తర్వాత నాలుగు చుట్లూ రామసుబ్బయ్య గడియారం చూడలేదు. కళ్ళు కూడా సగం మూసుకుని ఇంజను చప్పుడు విన్నాడు. వంపులోకి పోయేటప్పుడు అది ఎక్కడ తగ్గుతుంది, ఎంతసేపు తగ్గి ఉంటుంది, ఎక్కడ మళ్ళీ ఎత్తుకుంటుంది. ప్రతి చుట్టుకూ తగ్గే చోటు వంపుకు ఇంకొంచెం దగ్గరైంది. పదహైదు, పదమూడు, అని ఖాజా సణుగుతున్నాడు. పన్నెండు. ఆ తర్వాత ఖాజా సణగడం మానేశాడు.

అబ్రార్ చేతిలో టైమరు ఒక నిమిషం పదకొండు దగ్గర ఆగింది, పక్కన ఎనిమిది.

రేణుక బండి ఆపి హెల్మెట్ తీసింది. చెంప మీద ఎర్రమట్టి. అబ్రార్ టైము చెప్పలేదు. "బండి ఎలా ఉంది?" అని అడిగాడు.

"ముందర ఫోర్కు మెత్తగా ఉండాది సార్. గుంతలో దిగినాక లేసేకి ఆలస్యం చేస్తాది. దాని కోసం కాసుకోని ఉండాల్సి వస్తాంది. అది బిగిస్తే ఇంగా ఒక సెకను తగ్గుతాది. నేను పడింది దాని వల్ల కాదు, అది నా తప్పే."

అబ్రార్ ఆ మాటలన్నీ లాప్‌టాప్‌లో రాసుకున్నాడు. తర్వాత టెంటు వెనక్కి పోయి ఎవరితోనో కన్నడంలో, హిందీలో పది నిమిషాలు మాట్లాడాడు. ఖాజా ఈలోగా ముందు ఫోర్కు బోల్టులకు రెంచి తగిలించాడు.

"ఈ ఏడాది ఆ క్లాసులో గెలవలేరు" అన్నాడు అబ్రార్ తిరిగి వచ్చి, రేణుకతో. "అక్కడున్నవాళ్ళు పదేళ్ళ నుంచి తోలుతున్నారు. ఆరో స్థానం, ఏడో స్థానం. అది కూడా కష్టపడితే."

"ఏడు నుంచి మొదలుపెడదాం సార్" అంది రేణుక. "నయీంకు చెప్పండి, జూనియర్లో నా టైము వానికన్నా రెండు సెకన్లు తక్కువని. అది కొట్టకపోతే నేనూరుకోను."

అబ్రార్ నవ్వి, టైపు చేశాడు. జూనియర్: నయీం. ఓపెన్: రేణుక. ఎడం చేత్తో ప్రింటరు మీట నొక్కి, వెచ్చగా వచ్చిన ఫారాన్ని ఆమె ముందు పెట్టాడు. పుట్టిన తేదీ గడిలో మెమోలో ఉన్నదే అచ్చయి ఉంది. రేణుక సంతకం చేసింది. అబ్రార్ పేజీ తిప్పాడు.

"ఇది తండ్రి సంతకం. పద్ధెనిమిది లోపు వాళ్ళకే. మీకు అక్కర్లేదు, అడ్డంగా గీత కొట్టేస్తాను."

"ఉండండి సార్. పదిహేడైతే కావాల గదా?"

"పదిహేడైతే కావాలి. కానీ కాగితం ప్రకారం ఆమె..."

"కాగితానికి అక్కర్లేదు. పాపకు కావాల." రామసుబ్బయ్య చెయ్యి చాచాడు. "పెన్నియ్యండి."

అబ్రార్ ఒకసారి ఆయన ముఖంలోకి చూసి పెన్ను ఇచ్చాడు.

రామసుబ్బయ్య కుడి అరచేతిని పంచెకు రుద్దుకుని, అప్పుడు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. గేరు మార్చినట్టు పెన్నును వేళ్ళ మధ్య ఒకసారి సర్దుకుని, కిందికి వంగి, ఇంటిపేరుతో సహా మొత్తం రాయడం మొదలుపెట్టాడు. బొటనవేలి గోరు పక్కన నిన్నటి ఎర్ర జీర ఇంకా పూర్తిగా పోలేదు. ఒక్కొక్క అక్షరమూ ముగించి, చూసుకుని, రెండోది ఎత్తుకుంటున్నాడు.

రేణుక ఆయన భుజం మీదుగా వంగి చూసింది. "నాయనా, గీత మీద రాయి. అక్షరాలు పైకి పోతాండాయి."

"పోనీలే" అన్నాడు రామసుబ్బయ్య, తల ఎత్తకుండానే. "పైకే గదా."